గ్రేంజ్ కూడా బ్లెండే కదా, మరి బ్లెండ్ రెడ్ వైన్ తక్కువరకమా? విశాఖ హోటల్ ట్రైనీ అడిగిన ప్రశ్నకు సమాధానం

తమ్ముడూ, మీరు బీచ్ రోడ్డు హోటల్ రెస్టారెంట్లో ట్రైనీగా చేరానని, మొన్న ఒక గెస్ట్ వైన్ లిస్టు చూసి "ఇవన్నీ బ్లెండ్‌లే, ఒకే తోట నుంచి వచ్చిన అసలైన రెడ్ ఏదీ లేదా?" అన్నారని రాశారు. వెళ్లే ముందు ఆయనే ఆస్ట్రేలియా వైన్ పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్ గురించి గొప్పగా చెప్పారట. తీరా మీరు ఫోన్లో వెతికితే గ్రేంజ్ కూడా బ్లెండే అని తేలింది. అందుకని మూడు సంగతులు అడిగారు. బ్లెండ్, అంటే వేర్వేరు తోటల లేదా ద్రాక్ష రకాల వైన్లు కలిపి చేసినది, తక్కువరకమా? గ్రేంజ్ తయారుచేసిన మ్యాక్స్ షూబర్ట్ అంత కొత్తగా ఏం చేశారు? విశాఖలో దొరికే సీసాలతో ఈ విషయం నాలుకకి ఎలా తెలియాలి?

నేను నాసిక్‌లో ఒక వైనరీ సెల్లార్లో కొన్నేళ్లు పనిచేశాను. తర్వాత విశాఖ హోటళ్లలో బార్ వైపు వచ్చాను. ఇప్పుడు మీలాంటి కుర్రాళ్లకి సర్వీసు నేర్పుతుంటాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కానీ గ్రేంజ్ దాకా వెళ్లి అడిగినవాళ్లు తక్కువ. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు సూటిగా చెప్తాను. తక్కువరకం కాదు. అయితే బ్లెండ్ చేయడంలో రెండు దారులున్నాయి. ట్యాంకుల్లో మిగిలినవన్నీ కలిపి, లోపాలు కనిపించకుండా సర్ది అమ్మడం ఒక దారి. ఇది అన్ని దేశాల్లోనూ ఉంది, చవక సీసాల్లో ఎక్కువ. ఎలాంటి వైన్ కావాలో ముందే మనసులో గట్టిగా అనుకుని, దానికి ఏ తోట పండు, ఏ రకం, ఏ పీపా పనికొస్తుందో వెతికి తెచ్చి కూర్చడం రెండో దారి. షూబర్ట్ ఈ రెండో దారి మనిషి. ఆయన పద్ధతంతా ఒక్క వరుసలో ఉంది. ముందు వైన్ ఎలా ఉండాలో తేల్చుకోవడం, ఆ తర్వాతే ద్రాక్ష కోసం వెతకడం. చాలామంది చేసేది దీనికి తిరగేసి. చేతిలో ఉన్న పండు చూసి దాంతో ఏం చేయొచ్చని ఆలోచిస్తారు.

షూబర్ట్ 1915లో దక్షిణ ఆస్ట్రేలియాలో, బరోసా లోయ అంచున ఉన్న మొకల్టా అనే ఊళ్లో పుట్టారు. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం అది. 1931లో పెన్‌ఫోల్డ్స్ వాళ్ల నూరియూట్పా వైనరీలో కబుర్లు చేరవేసే కుర్రాడిగా చేరారు. పెద్ద చదువులతో వచ్చినవారు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వెళ్లి తిరిగొచ్చి, 1948కల్లా కంపెనీకి చీఫ్ వైన్‌మేకర్ అయ్యారు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో ఎక్కువగా తయారయ్యేది మనం ఇప్పుడు తాగే రెడ్ వైన్ కాదు. పోర్ట్, షెర్రీ లాంటి, బ్రాందీ చేర్చి ఘాటు పెంచిన తియ్యటి వైన్లే మార్కెట్. 1950లో కంపెనీ ఆయన్ని యూరప్ పంపింది కూడా షెర్రీ తయారీ చూసి రమ్మనే.

స్పెయిన్ పని చూసుకుని, దారిలో ఫ్రాన్స్‌లోని బోర్డోకి వెళ్లారు. అక్కడ క్రిస్టియన్ క్రూజ్ అనే వైన్ వ్యాపారి ఆయనకి తోటలూ సెల్లార్లూ తిప్పి చూపించారు. నలభై యాభై ఏళ్ల వయసున్న రెడ్ వైన్లు రుచి చూపించారు. అన్నేళ్లయినా అవి చెడిపోలేదు. పైగా వాసనలో, నోట్లో ఇంకా కొత్త సంగతులు చెప్తున్నాయి. షూబర్ట్ మనసులో అప్పుడే లక్ష్యం ఖాయమైంది: ఆస్ట్రేలియాలో కనీసం 20 ఏళ్లు నిలిచే రెడ్ వైన్ చేయాలి. ఇది చాలా ముఖ్యం తమ్ముడూ. "బోర్డో వైన్ లాంటిదే చేస్తాను" అని ఆయన అనుకోలేదు. అన్నేళ్లు నిలవాలని అనుకున్నారు. నిలవాలంటే ఏం కావాలి? తగినంత ఆమ్లం, తగినంత టానిన్ (తొక్కల నుంచి దిగే వగరు పదార్థం), ఆ టానిన్‌ని మోయగలిగినంత పండు. ఈ మూడూ ఎక్కడ దొరుకుతాయని వెతుక్కుంటూ వెనక్కి వచ్చారు.

బోర్డోలో వాడే రకాలు కాబర్నే సావిన్యాన్, మెర్లో. దక్షిణ ఆస్ట్రేలియాలో అప్పుడు కాబర్నే చాలా తక్కువ. షిరాజ్ మాత్రం పుష్కలం. కాబర్నే కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా షిరాజ్‌తోనే మొదలుపెట్టారు. ఫ్రెంచి ఓక్ చెక్క పీపాలకి బదులు అమెరికన్ ఓక్‌తో చేసిన కొత్త పీపాలు తీసుకున్నారు. ఒక్కోటి సుమారు 300 లీటర్లు పడుతుంది, హాగ్స్‌హెడ్ అంటారు. 1951లో మొదటి ప్రయోగానికి వాడినవి ఐదు పీపాలే. ద్రాక్ష ఒకచోట నుంచి కాదు. అడిలైడ్ శివార్లలోని మగిల్ తోట నుంచి కొంత, ఊరికి దక్షిణాన మార్ఫెట్ వేల్ దగ్గరి తోట నుంచి కొంత. మీ గెస్ట్ గారికి ఇది చెప్పండి. గ్రేంజ్ మొదటి రోజు నుంచీ ఒకటికి మించిన తోటల కలయికే. ఒకే తోట వైన్‌గా అది ఎప్పుడూ పుట్టలేదు.

సెల్లార్లో పనిచేసినవాడిగా నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఆయన పులియబెట్టిన తీరు. రెడ్ వైన్‌కి రంగు, వగరు వచ్చేవి తొక్కల నుంచే. రసంలో తొక్కలు ఎంతసేపు, ఎంత వేడిలో, ఎలా నానాయన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. వేడి దేశాల్లో పులియడం ఎగదన్నినట్టు సాగుతుంది. ట్యాంకు వేడెక్కి, చక్కెరంతా కొద్ది రోజుల్లోనే ఆల్కహాల్‌గా మారిపోయి, సున్నితమైన వాసనలు గాలిలో కలిసిపోతాయి. షూబర్ట్ పులిసే వేగాన్ని గ్రాఫ్ గీసుకుని మరీ అదుపులో పెట్టారు. రసాన్ని చల్లబరుస్తూ, పులియడాన్ని 12 రోజుల పాటు సాగేలా చూశారు. పైకి తేలే తొక్కల్ని చెక్కపలకలు అడ్డుపెట్టి రసంలోనే ముంచి ఉంచారు. రసాన్ని కిందికి పూర్తిగా వదిలేసి మళ్లీ తొక్కల మీద పోసే పద్ధతి కూడా వాడారు. ఇలా చేస్తే వగరు మొరటుగా కాకుండా, చిక్కగా, సమంగా దిగుతుంది.

ఇంకో పని కూడా చేశారు. చక్కెర పూర్తిగా అయిపోకముందే, అంటే పులియడం ఇంకా కొంచెం మిగిలి ఉండగానే వైన్‌ని కొత్త పీపాల్లోకి మార్చారు. చివరి పులియడం పీపాలోనే జరగాలి. ఎందుకంటే ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. చెక్క నుంచి దిగే వెనిల్లా వాసన పదార్థాన్ని కొంతవరకు అది వాసన తక్కువ ఉండే రూపంలోకి మార్చేస్తుంది. దాంతో ఓక్ పైపూతలా వేరుగా తెలియకుండా వైన్‌లో కలిసిపోతుంది. అమెరికన్ ఓక్‌లో కొబ్బరి, వెనిల్లా వాసనలు ఫ్రెంచి ఓక్ కన్నా బలంగా ఉంటాయి. కొత్త పీపాలో, అంత బలమైన చెక్కలో పెట్టినా పండు పక్కకి పోకపోవడానికి సగం కారణం ఈ పద్ధతే. తర్వాత ఎంతోమంది కొత్త అమెరికన్ ఓక్ వాడారు గానీ ఈ చివరి పులియడం సంగతి పట్టించుకోలేదు. అందుకే వాళ్ల వైన్లలో ముందు కొబ్బరి వాసనొస్తుంది, తర్వాతెప్పుడో పండు. మన దేశపు రిజర్వ్ రెడ్లలో కూడా కొన్నిటిలో ఇదే నాకు కనిపిస్తుంది.

ఇక్కడ రే బెక్‌విత్ పేరు చెప్పకపోతే అన్యాయం. పెన్‌ఫోల్డ్స్‌లో 1930ల నుంచి పనిచేసిన కెమిస్ట్ ఆయన. వైన్లు పాడవడానికి బ్యాక్టీరియా కారణమని, ఆమ్లతను చెప్పే కొలత అయిన పీహెచ్ తక్కువగా ఉంచితే దాన్ని ఆపొచ్చని చూపించి, సెల్లార్లో పీహెచ్ కొలవడం మామూలు పని చేశారు. వేడి ప్రాంతపు పండులో ఆమ్లం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. 20 ఏళ్లు నిలవాలన్న కల ఈ కొలతలు లేకుండా కలగానే ఉండిపోయేది. గొప్ప వైన్‌మేకర్ అంటే ముక్కు, నాలుక బాగా ఉన్న మనిషి మాత్రమే అని అనుకోవద్దు. పక్కన ఒక మంచి కెమిస్ట్ ఉండాలి.

తర్వాత జరిగింది బాధాకరం. కొన్నేళ్లపాటు ఈ వైన్లు బయట అమ్మకుండా సీసాల్లో నిల్వ ఉంచారు. కంపెనీ పెద్దలకి డబ్బు ఇరుక్కుపోతోందన్న టెన్షన్. సిడ్నీలో పెద్దలకీ, పేరున్న వైన్ రసికులకీ 1951 నుంచి వరుసగా వచ్చిన సీసాలు పోసి చూపించారు. దాదాపు అందరూ తిట్టారు. ఇది మంచి డ్రై పోర్ట్ అనీ, బుద్ధి ఉన్నవాళ్లెవరూ దీన్ని కొనరు, తాగరు అనీ ఒకాయన అన్న మాటను షూబర్టే తర్వాత గుర్తుచేసుకున్నారు. 1957 పంటకు ముందు తయారీ ఆపేయమని ఆదేశం వచ్చింది.

ఆయన ఆపలేదు. 1957, 1958, 1959 మూడు పంటలూ ప్రధాన కార్యాలయానికి తెలియకుండా చేశారు. అడిలైడ్‌లో కంపెనీ కుటుంబానికి చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ ఆయన వెనక నిలబడ్డారు. కొత్త పీపాలకి డబ్బు అడిగితే గుట్టు బయటపడుతుంది కాబట్టి పాత పీపాలే మళ్లీ వాడారు. ఈలోగా మొదటి సీసాలకి వయసొచ్చింది. వగరు మెత్తబడింది, పండు విచ్చుకుంది. మళ్లీ రుచి చూసిన కంపెనీ పెద్దలు 1960 పంటకు ముందు తయారీ మళ్లీ మొదలుపెట్టమన్నారు. 1962లో 1955 నాటి గ్రేంజ్‌ని సిడ్నీ వైన్ పోటీలో పెడితే బంగారు పతకం వచ్చింది. అదే పంట తర్వాత 50కి పైగా బంగారు పతకాలు తెచ్చింది. కుర్ర వయసులో తిట్టించుకున్న వైన్, తనకు తగిన వయసు రాగానే గెలిచింది. లేత గ్రేంజ్‌ని ఎవరైనా మీ ముందు తెరిచి "ఏంటిది, ఇంత మొరటుగా ఉంది" అంటే ఆశ్చర్యపోవద్దు. ఆ వైన్‌ని లెక్కగట్టిందే అలా.

ఇప్పుడు బ్లెండ్ సంగతికి వద్దాం. గ్రేంజ్‌లో ఎప్పుడూ ఎక్కువ భాగం షిరాజే, సాధారణంగా 90 శాతానికి పైనే. చాలా పంటల్లో కొద్దిగా కాబర్నే ఉంటుంది. కొన్ని పంటల్లో అదీ ఉండదు. తోటలు మాత్రం ఏటా మారతాయి. బరోసా, మెక్‌లారెన్ వేల్, క్లేర్, మగిల్ ఇలా ఏ ఏడు ఏది బాగా పండితే దాని పాలు పెరుగుతుంది. ఒక ఏడాది ఒకచోట ఎండ కాస్త మించితే, ఇంకోచోట నుంచి ఆమ్లం ఉన్న పండు తెస్తారు. పెట్టుకున్న రూపం చెదరకుండా ఉండాలంటే మూలాలు మారాల్సిందే. తోటకి కట్టుబడినవాళ్లు ఏడాదిని బట్టి వైన్ మారడాన్ని ఒప్పుకుంటారు. షూబర్ట్ వైన్ స్వభావానికి కట్టుబడి, తోటలు మారడాన్ని ఒప్పుకున్నారు.

మన ఊళ్లో కాఫీ పొడి షాపుకి వెళ్లి పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత, చికోరీ ఇంత అని పాళ్లు చెప్పి పొడి పట్టించుకుంటాం చూడండి. ఒక గింజ వాసనకి, ఒకటి చిక్కదనానికి. ప్రీమియం రెడ్ బ్లెండ్‌లోనూ అంతే, కాకపోతే ప్రతి భాగాన్నీ వేరుగా పులియబెట్టి, వేరు పీపాల్లో ఉంచి, నెలల తర్వాత రుచి చూసి పాళ్లు నిర్ణయిస్తారు. ముందే కలిపేస్తే ఏది బాగుందో, ఏది పాడు చేస్తోందో తెలియదు. నాసిక్‌లో నేను చూసిన సెల్లార్లో కూడా ట్యాంకుకి ట్యాంకు వేరుగా నమూనాలు తీసి, పేర్లు కనిపించకుండా గ్లాసుల్లో పోసి బెంచి మీద పెట్టేవారు. ఇందులో నిర్దయ అవసరం. ఎంత ఖరీదైన తోట నుంచి వచ్చినా ఆ ఏడు గ్లాసులో నిలవకపోతే పక్కకి పోవాల్సిందే. ఏ బ్లెండ్‌లో అయినా నాణ్యత నిలిచేది ఇలా పక్కకి పెట్టగలిగే ధైర్యం మీదే.

షూబర్ట్ బ్లెండింగ్ చాతుర్యం గ్రేంజ్ కన్నా బాగా కనిపించేది నా ఉద్దేశంలో 1962 నాటి బిన్ 60ఏ అనే పెన్‌ఫోల్డ్స్ వైన్‌లో. కూనవారా కాబర్నే ఎక్కువ, బరోసాలోని కలిమ్నా తోట షిరాజ్ తక్కువ. ఈ రెండు ప్రాంతాల మధ్య వందల కిలోమీటర్ల దూరం. కూనవారా చల్లటి చోటు, ఎర్రమట్టి కింద సున్నపురాయి. అక్కడి కాబర్నేలో సన్నటి నడక, పుదీనా ఛాయ, గట్టి టానిన్ ఉంటాయి. బరోసా వేడి ప్రాంతం. అక్కడి షిరాజ్‌లో నిండుదనం, ముదురు పండు, మెత్తదనం. కాబర్నేలో సాధారణంగా ఒక లోటు ఉంటుంది. నోట్లో పెట్టగానే బాగుంటుంది, చివర బాగుంటుంది, మధ్యలో కాస్త ఖాళీగా అనిపిస్తుంది. షిరాజ్ సరిగ్గా ఆ మధ్య భాగాన్నే నింపుతుంది. ఫ్రెంచివాళ్లు అదే లోటుని మెర్లోతో పూడ్చారు. ఆస్ట్రేలియా దగ్గర షిరాజ్ ఉంది, దాంతో పూడ్చుకుంది. కాబర్నే-షిరాజ్ జంట ఆస్ట్రేలియా సొంత సంతకం అయిందంటే అందులో షూబర్ట్ పాత్ర చాలా పెద్దది.

1960లో మొదలైన బిన్ 389 కూడా ఇదే జంట. అంతకుముందు గ్రేంజ్‌కి వాడిన పీపాల్లో కొంతభాగం దీన్ని ఉంచుతారు కాబట్టి బేబీ గ్రేంజ్ అని పిలుస్తారు. గ్రేంజ్ ధరకి భయపడేవాళ్లకి మీరు ముందుగా చెప్పాల్సిన పేరు ఇది.

అదే కంపెనీలో, అదే కాలంలో జాన్ డేవొరెన్ అనే ఇంకో వైన్‌మేకర్ సెయింట్ హెన్రీ అనే షిరాజ్ చేశారు. గ్రేంజ్‌కి పూర్తిగా ఎదురు దారి. కొత్త ఓక్ వాసన ఏమీ అంటకుండా పెద్ద పాత పీపాల్లో పెట్టారు. రెండూ ప్రధానంగా షిరాజే, రెండూ అనేక తోటల కలయికలే, రెండూ దశాబ్దాలు నిలిచాయి, కానీ పక్కపక్కన పోస్తే ఒకే ఇంట్లో పుట్టినవని నమ్మలేరు. ముందు వైన్ రూపం తేల్చుకోవాలన్న మాటకి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలీదు. ద్రాక్ష ఒకటే, మనసులో పెట్టుకున్న రూపాలు రెండు.

మీ గెస్ట్ గారి మాటలో నిజం లేదని కాదు. బరోసాకి ఆనుకుని ఉన్న ఈడెన్ వ్యాలీలో హెన్ష్కీ కుటుంబం హిల్ ఆఫ్ గ్రేస్ అనే వైన్ చేస్తుంది. 1958 నుంచి ఒక్క తోట షిరాజ్ మాత్రమే. అందులో కొన్ని తీగలు 1860ల నాటివి. ప్రపంచంలో గొప్ప రెడ్లలో అదొకటి. ఒక నేల మాట మార్చకుండా ఏటా చెప్పే కథ కావాలంటే అలాంటి వైన్ తాగాలి. బ్లెండ్‌లో ఆ కథ కొంత పోతుంది, ఒప్పుకోవాలి. అయితే ఒకే తోట అన్నంత మాత్రాన నాణ్యత రాదు. మామూలు తోటని ఒంటరిగా సీసాలో నింపితే వచ్చేది మామూలు వైనే.

మన దేశానికి వస్తే ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. బెంగళూరు దగ్గర నంది హిల్స్ ప్రాంతంలోని గ్రోవర్ వైనరీ వాళ్లు 1990ల మధ్య నుంచి బోర్డోకి చెందిన మిషెల్ రోలాండ్‌ని సలహాదారుగా పెట్టుకున్నారు. ప్రపంచంలో ఎన్నో వైనరీలకి బ్లెండ్‌లు కూర్చిన మనిషి ఆయన. బాగా పండిన ద్రాక్ష, మెత్తటి టానిన్, పాళ్ల మీద పట్టుదల ఆయన ముద్ర. వాళ్ల లా రిజర్వ్ రెడ్ కాబర్నే-షిరాజ్ జంటే. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వాళ్లు ఇటలీ వైన్‌మేకర్ పియెరో మాసితో కలిసి సెట్టే అనే రెడ్ వైన్ చేశారు. ఇందులో సాంజొవేజే, కాబర్నే సావిన్యాన్ కలుస్తాయి. మన దగ్గర చలికాలం తీగల్ని నిద్రపుచ్చదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వానలు వెనకబడ్డాక వచ్చే కాపునే నిలిపి, జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. ఎండ ముదిరేకొద్దీ చక్కెర పరుగెత్తుతుంది, ఆమ్లం పడిపోతుంది. ఇలాంటి చోట వేర్వేరు ఎత్తుల తోటల్ని కలపడం అవసరం అని నా గట్టి అభిప్రాయం. మనవాళ్లు ఇంకా ఎక్కువగా చేయాలి.

ఇక మీ మూడో సందేహం. దీన్ని మీరు ఇంట్లోనే నేర్చుకోవచ్చు, గ్రేంజ్ అక్కర్లేదు. (మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాలి, అది గుర్తుంచుకోండి.) ఒకే కంపెనీవి ఒక షిరాజ్, ఒక కాబర్నే తీసుకోండి, వీలైతే ఒకే పంట సంవత్సరానివి. మెడికల్ షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి కొనండి, బార్ నుంచి పెగ్ మెజర్ తెచ్చుకోండి. ఐదు గ్లాసులు పెట్టి ఒకదాంట్లో షిరాజ్ మాత్రమే, ఇంకోదాంట్లో కాబర్నే మాత్రమే పోయండి. మిగిలిన మూడింటిలో షిరాజ్ 90, కాబర్నే 10, తర్వాత 70-30, తర్వాత సగం సగం. గ్లాసు అడుగున నంబర్లు రాసి, ఇంట్లో ఎవరినైనా తారుమారు చేయమనండి. పావుగంట ఆగి రుచి చూడండి.

మీరు గమనించాల్సింది "ఏది బాగుంది" అని కాదు. నోట్లో పోసుకున్న తర్వాత మొదట ఏం తెలిసింది, మధ్యలో ఖాళీ ఉందా, మింగాక వగరు ఎక్కడ నిలిచింది, ఎంతసేపు నిలిచింది. ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాసుకోండి. 10 శాతం కాబర్నే చేరితే వాసన పెద్దగా మారదు, కానీ చివర బిగుసుకుంటుంది. అది మీ నాలుకకి తెలిసిన రోజున గ్రేంజ్‌లో ఆ కొద్దిపాటి కాబర్నే ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. సగం సగం చాలాసార్లు దేనికీ చెందకుండా పోతుంది. రెండూ సమానంగా మాట్లాడితే ఎవరి మాటా వినిపించదు. మిగిలినది మూతలు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు మళ్లీ చూడండి. కలిపిన వెంటనే తెలియని కలయిక ఒక రాత్రి తర్వాత తెలుస్తుంది.

వేడి విషయంలో విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. రెడ్ వైన్ గది వేడిలో ఇవ్వాలన్న సూత్రం చలిదేశాల గదుల కోసం పుట్టింది. మే నెలలో మన గది 32 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో షిరాజ్ పోస్తే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, పండు ఉడికినట్టు తోస్తుంది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఇవ్వండి. చిల్లర్ లేకపోతే ఇచ్చే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సీసాలు బార్ కౌంటర్ పైన దీపాల కింద అందంగా పేర్చడం చాలా చోట్ల చూస్తాను, అది వాటికి శిక్ష. చీకటి, చల్లదనం, కదలిక లేని చోటు కావాలి.

తిండితో జోడించేటప్పుడు కూడా ఈ ఊరి సంగతి వేరు. చేపల పులుసు, రొయ్యల వేపుడు పక్కన టానిన్ బలంగా ఉన్న రెడ్ పోస్తే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. కారం ఎక్కువైతే వగరూ, ఆల్కహాల్ మంటా రెండూ పెరుగుతాయి. అరకు వెళ్తే వెదురు బొంగులో కాల్చే బొంగు చికెన్ ఉంది కదా, ఆ పొగ వాసన, నూనె లేని ఆ మెత్తటి మాంసం షిరాజ్‌కి అమోఘంగా కుదురుతాయి. అతిథి అడిగితే ధైర్యంగా చెప్పండి. మటన్ వేపుడుకి కారం తగ్గించి చేయగలిగితే కాబర్నే-షిరాజ్ బ్లెండ్ ఇవ్వొచ్చు.

ధర గురించి కూడా ఒక మాట. దిగుమతి వైన్ మీద మూల సుంకం 150 శాతం ఉండేది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమలైంది. దాని ప్రకారం సీసా దిగుమతి ధర 15 అమెరికన్ డాలర్లు దాటితే సుంకం ముందుగా 75 శాతానికి తగ్గింది, పదేళ్లలో 25 శాతానికి దిగాలి. పైన రాష్ట్ర పన్నులు ఉంటాయి కాబట్టి మన బిల్లులో ఆ తగ్గుదల అంతగా కనిపించదు. అయినా ఆస్ట్రేలియా రెడ్లు రాబోయే ఏళ్లలో మన లిస్టుల్లో పెరుగుతాయి. ఇప్పటినుంచే వాటి పేర్లు, ప్రాంతాలు నేర్చుకోండి.

ఆ గెస్ట్ గారు మళ్లీ వస్తే వాదించొద్దు. మీ లిస్టులో కాబర్నే-షిరాజ్ బ్లెండ్ ఉంటే అది చూపించి, "సార్, మీరు చెప్పిన గ్రేంజ్ లాగే ఇదీ కాబర్నే, షిరాజ్ కలిపి చేసింది, పాళ్లు మాత్రం వేరు. కొంచెం రుచి చూస్తారా?" అని ఒక చుక్క పోసి చూపించండి. పాత సీసా ఎవరైనా తెచ్చి ఇస్తే, ముందురోజే నిలబెట్టి మడ్డి కిందికి దిగనివ్వండి. కార్క్ మెత్తబడి ఉంటుంది కాబట్టి మామూలు స్క్రూతో లాగకుండా, రెండు పలకలున్న ఓపెనర్ వాడండి. వెలుగు సీసా మెడ మీద పడేలా పెట్టుకుని మెల్లగా డికాంటర్ అనే గాజు పాత్రలోకి వంచండి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. లేత సీసా అయితే మడ్డి భయం లేదు. గంట ముందు డికాంటర్లో పోసి గాలి తగలనివ్వండి. రెండిట్లో ఏదైనా టేబుల్‌కి వెళ్లే ముందు మీరే వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే అది కార్క్ దోషం. గెస్ట్‌కి పోయకుండా నేరుగా మీ సీనియర్‌కి చెప్పి సీసా మార్పించండి.